కాలు నిలవని మా తమ్ముడు

మా తమ్ముడు రోడెల్ లెమెల్ చర్చిలో కూర్చోలేదు, బళ్లో కూర్చోలేదు, అన్నం దగ్గరా కూర్చోలేదు. అమ్మ గంబో పులుసు కలిపిన అన్నం గిన్నెలో వేసిస్తే ఒక ముద్ద వాకిట్లో, ఒక ముద్ద కంచె దగ్గర, మిగిలింది పక్కింటివాళ్ల కుక్కతో కలిసి తినేవాడు. చివరికి ఫాదర్ గారే అమ్మను పిలిచి, పిల్లాణ్ణి ఆఖరి బెంచీ వెనక నిలబెట్టమ్మా, అక్కడైతే మిగతావాళ్లు వాడివైపు చూడరు అన్నాడు. ప్రతి ఆదివారం వాడు ఆ బెంచీ వెనక ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ప్రార్థన పూర్తిచేసేవాడు. నేను వాడికంటే పెద్దదాన్ని కాబట్టి వాడి వెనక పరిగెత్తే పని నాకు పడింది.

లూసియానాలో లాటెల్ ఊరి దగ్గర మా నాన్న కౌలుకు వరి వేసేవాడు. కోతలయ్యాక అవే మళ్లలో నీళ్లు పెట్టి, కొండీలుండే రొయ్యల్లాంటి క్రాఫిష్ పెంచేవాడు. చలికాలం పొద్దున్నే బుట్టలు ఎత్తి, దొరికినవాటిని ఉల్లిపాయల సంచుల్లో పోసేవాళ్లం. సంచి చంకన పెట్టుకుని, రోడ్డు మీదున్న ట్రక్కు దాకా గట్ల మీద పరిగెత్తడం రోడెల్ పని. సంచిని గట్టిగా నొక్కితే క్రాఫిష్ చస్తాయి, వదులుగా పట్టుకుంటే జారిపోతుంది. పైగా సంచి కన్నాల్లోంచి కొండీలు బయటికొచ్చి పక్కటెముకల దగ్గర పట్టేవి. వాడు పడలేదని చెప్పను. పడ్డా సంచి మాత్రం బురదలో పడేది కాదు.

హైస్కూల్లో కోచ్ వాడి చంకలో కోడిగుడ్డు ఆకారపు అమెరికన్ ఫుట్‌బాల్ ఇరికించి, ఎదురుగా వచ్చేవాళ్ల మధ్య సందు చూసుకుని పో, పట్టుకుని పడేసేదాకా పోతూనే ఉండు అన్నాడట. వాడికి అదేం పెద్ద విశేషంగా తోచలేదు. రెండో ఏడాదికల్లా శుక్రవారం సాయంత్రాలు మా ఊళ్లో దుకాణాలు మూసేసి జనమంతా మైదానానికి వచ్చేవారు. అమ్మ కూడా వచ్చేది, కానీ కారు దిగేది కాదు. జపమాల చేత్తో పట్టుకుని, రేడియో చిన్నగా పెట్టుకుని కళ్లు మూసుకునేది. జనం అరిచినప్పుడల్లా కిటికీ దించి నన్నడిగేది.

"పడ్డాడా?"

"పడ్డాడమ్మా."

"లేచాడా?"

లేచాడని చెప్పాక కిటికీ పైకెత్తేది. ఎంత దూరం పరిగెత్తాడో, ఎవరు గెలిచారో ఆమె ఏనాడూ అడగలేదు.

కాలేజీ అయ్యాక ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డునున్న ఊరి జట్టు వాణ్ణి తీసుకుంది. అక్కడ మంచు మోకాలెత్తు పడుతుంది. మొదటి చలికాలం ఫోన్ చేసి, అక్కా, ఇక్కడ నేల కనబడదు, దేనిమీద పరిగెత్తుతున్నామో తెలీదు అని వాపోయాడు. అయినా పరిగెత్తాడు. బంతి అందుకుని పరిగెత్తే మావాడు రన్నింగ్ బ్యాక్. వాడికి ఒకడుగు ముందు వెళ్లి, అడ్డమొచ్చినవాణ్ణి తలతో, భుజంతో గుద్ది దారి చేసేవాడు ఫుల్‌బ్యాక్. ఆ జట్టులో ఫుల్‌బ్యాక్ పేరు లాంజెల్ ప్రూయిట్. అర్కాన్సాలో పత్తి పొలాల మధ్య పుట్టినవాడు. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. మాట తక్కువ. మావాణ్ణి 'చిన్నోడా' అనేవాడు, మావాడు 'అన్నా' అనేవాడు.

ఒక వేసవి అతను మా ఇంటికొచ్చాడు. అమ్మ ముందు తలొంచుకుని నిలబడి, "భయపడకమ్మా, మీవాడి మీద చెయ్యెయ్యాలంటే ముందు నన్ను దాటాలి," అన్నాడు. అమ్మ అతని నుదుటి మీది మచ్చలు చూసి, మరి నీ ముందు ఎవరుంటారు నాయనా అని అడిగింది. లాంజెల్ నవ్వి, బంగాళదుంపల సలాడ్ ఇంకాస్త పెట్టించుకున్నాడు.

వాళ్లిద్దరూ కలిసి ఆడిన ఐదేళ్లే మా తమ్ముడి మంచి రోజులు. ఒక ఏడు ఆటలన్నీ కలిపి బంతితో వెయ్యి గజాలు దాటి పరిగెత్తాడు, ఆ ఆటలో అది గొప్ప లెక్క. ఆ ఏడే పేపర్లో ఫోటో వచ్చింది. రోడెల్ గాల్లో ఉంటాడు, మోకాళ్లు గుండెల దాకా వచ్చి ఉంటాయి. కింద ముగ్గురు మనుషుల నడుమ ఒకడు బోర్లా పడి ఉంటాడు, వీపు మీది అంకె తప్ప ఏమీ కనబడదు. అది పటం కట్టించి పంపిస్తే అమ్మ గోడకి తగిలించి, కింద పడున్న ఆ పిల్లాడెవరని అడిగింది. లాంజెల్ అని చెప్పాం. అప్పటినుంచి ఆమె జపంలో ఇంకో పేరు చేరింది.

దెబ్బలు తగిలేవి. గట్టిగా గుద్దుకున్నాక మావాడు లేచి ఒక్కోసారి అవతలి జట్టువైపు నడిచిపోయేవాడట. లాంజెల్ నడుం దగ్గర బెల్టు పట్టుకుని ఇటు తిప్పేవాడట. లాంజెల్‌కి అలా అయితే మావాడు తిప్పేవాడు. ఈ సంగతి మా భోజనాల బల్ల దగ్గర చెప్పుకుని పగలబడి నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు మేమూ నవ్వేవాళ్లం.

తర్వాత మోకాలు పోయింది. కోసి కుట్టారు. ఇంకో జట్టుకు వెళ్లాడు, అక్కడినుంచి మరో జట్టుకు. ముప్పై దాటిన రన్నింగ్ బ్యాక్‌ని ఎవరూ ఎక్కువ రోజులు ఉంచుకోరు. ఒక ఆగస్టు పొద్దున ఫలహారం చేస్తుంటే ఆఫీసు కుర్రవాడొకడు వచ్చి కోచ్ గారు రమ్మంటున్నారని భుజం తట్టాడు. జట్టులోంచి తీసేశామన్నారు, మధ్యాహ్నానికల్లా రోడెల్ లూసియానా దారి పట్టాడు.

వాడి పెళ్లాం యోలాండ్ లఫాయెట్‌లో నర్సు. అక్కడ మంచి ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో వాడు ఉండలేకపోయాడు. కార్లు అమ్మే చోట చేరాడు, కుర్చీలో కూర్చోమన్నారని మానేశాడు. మాంసం కాల్చి అమ్మే కొట్టు పెట్టాడు, పొయ్యి ముందు గంటలకొద్దీ కనిపెట్టుకుని ఉండాలని తెలిశాక దాన్నీ వదిలేశాడు. హైస్కూల్లో పిల్లలకి ఆట నేర్పడానికి పిలిస్తే సంబరంగా వెళ్లాడు. బంతి పట్టుకుని పిల్లాడు పరిగెత్తినప్పుడల్లా గీత బయట తనూ పరిగెత్తేవాడు. ఒకసారి గీత దాటి లోపలికి వెళ్లిపోతే రిఫరీ జట్టుకు శిక్ష వేశాడు. ఊళ్లో ఏడాదిపాటు దాని గురించే నవ్వుకున్నారు. "రోడెల్ ఈసారి బంతి లాక్కోలేదు, సంతోషించండి," అనేవారు.

పనిలేని రోజుల్లో మా అందరి పెరళ్లలో గడ్డి కోసేవాడు, మేం అడిగినా అడక్కపోయినా. అదీ అయిపోతే ట్రక్కెక్కి టెక్సాస్ సరిహద్దు దాకా పోయి, అక్కడ కాఫీ కూడా తాగకుండా తిరిగొచ్చేవాడు.

యోలాండ్ చాలా ఏళ్లు ఓర్చుకుంది. ఒకరోజు మా వంటింట్లో కూర్చుని మెల్లిగా అంది.

"వదినా, నేను ఆయన్ని ప్రేమించట్లేదని కాదు. ఇంట్లో ట్రక్కు ఇంజను ఆపకుండా వదిలేసినట్టుంది. నాకు నిద్ర కావాలి."

వాళ్లు గొడవపడి విడిపోలేదు. రోడెల్ తన బట్టలు తెచ్చుకుని నా ఇంటి వెనక స్థలంలో, చక్రాల మీద లాక్కొచ్చే ట్రెయిలర్ ఇల్లు పెట్టుకున్నాడు. యోలాండ్ ఆదివారాలు ప్రార్థన అయ్యాక వచ్చి మాతో భోంచేసి వెళ్లేది.

అప్పటికే వాడు మాటలు మర్చిపోతున్నాడు. ఒకరోజు స్క్రూడ్రైవర్ కావాల్సొచ్చి, పేరు గుర్తురాక, చేత్తో గాల్లో తిప్పుతూ నా మీద కేకలేశాడు. యోలాండ్ పట్టుబట్టి హ్యూస్టన్‌లో డాక్టరు దగ్గరికి పంపించింది. నేను వెంట వెళ్లాను. ఇన్నేళ్లు తలకు తగిలిన దెబ్బలవల్ల కావచ్చు, కాకపోవచ్చు, మనిషి బతికుండగా తేల్చిచెప్పడం సాధ్యం కాదు అన్నాడు డాక్టరు. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు, మావాడు తలుపు తీసుకుని బయటికి నడిచాడు. కారు దగ్గర పట్టుకున్నాను.

"ఆయన మాట పూర్తిగా విని రావచ్చు కదరా."

"ఏం వినమంటావక్కా? నేను చచ్చాక చెప్తాడంట. చిన్నప్పట్నుంచీ ఇంతే కదా నేను. ఇందులో జబ్బెంతో, నేనెంతో ఆయన చెప్పగలడా?"

ఇంటిదాకా వాడే బండి నడిపాడు, రేడియో స్టేషన్లు మారుస్తూనే ఉన్నాడు.

ఆ మరుసటి వేసవిలో లాంజెల్ కూతురు డెనెట్రా రోడెల్‌కి ఫోన్ చేసింది. లాంజెల్ భార్య అంతకుముందే పోయింది. డెనెట్రా లిటిల్ రాక్‌లో ఉద్యోగం చేసుకుంటూ తండ్రిని కొన్నాళ్లు దగ్గర పెట్టుకుంది. అతనికి మనుషులు గుర్తులేరు. రోజంతా నడుస్తూనే ఉంటాడు, తలుపు తెరిచుంటే వీధిలోకి వెళ్లిపోతాడు. గత్యంతరం లేక ముసలివాళ్లను చూసే ఒక చోట చేర్చింది. "బాబాయ్, అక్కడ నాన్నని కుర్చీలోంచి లేవనివ్వట్లేదు," అని ఏడ్చింది. స్కూలు బస్సు నడిపే నాకు అప్పుడు సెలవులు కాబట్టి బయల్దేరుతున్న రోడెల్‌తో నేనూ ట్రక్కెక్కాను.

మేం వెళ్లేసరికి లాంజెల్ కిటికీ పక్కన ఉన్నాడు. కుర్చీకి ముందు ఒక పలక బిగించి ఉంది, పసిపిల్లల కుర్చీకి ఉంటుందే, అలాంటిది. ఆ కొండంత మనిషి పలక కింద పాదాలు ఆడిస్తున్నాడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. మావాణ్ణి చూశాడు, గుర్తుపట్టలేదు.

రోడెల్ ఆ పాడు మోకాళ్ల మీద కిందికి వంగి పలక గడి తీయబోయాడు. అక్కడ పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది.

"సార్, తీయకండి. ఆయన పడిపోతారు."

"పడితే నేనున్నాను కదమ్మా."

లాంజెల్ లేచాడు. లేచీ లేవగానే నడవడం మొదలుపెట్టాడు. నడవా చివరిదాకా వెళ్లి, గోడను చేత్తో తాకి, వెనక్కి తిరిగి, మళ్లీ ఈ చివరికి. మావాడు పక్కనే నడిచాడు. మధ్యాహ్నమంతా అలా తిరుగుతూనే ఉన్నారు. రోడెల్ జేబులో తాళాలు ఎప్పుడూ గలగలలాడిస్తాడు, ఆ చప్పుడుకి నాకు పిచ్చెక్కేది. ఆ రోజు ఆ చప్పుడు వినబడలేదు.

బయటికొచ్చాక, అన్నని మనింటికి తీసుకుపోదాం అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"ఒరేయ్, నీకే ఒక మనిషి తోడు కావాలి. నువ్వు ఆయన్నేం చూస్తావు?"

"అతను నడుస్తాడు, నేను నడుస్తాను. ఇంకేం చూడాలక్కా?"

"వంటెవరు చేస్తారు? స్నానం ఎవరు చేయిస్తారు?"

"స్నానం నేను చేయిస్తా. వంట నువ్వు ఎలాగూ చేస్తావు కదా," అన్నాడు, సిగ్గులేకుండా.

డెనెట్రా ఒప్పుకుంది. ఆ వారమే లాంజెల్ మా ట్రెయిలర్‌కి వచ్చాడు. యోలాండ్ మాత్రలు ఎప్పుడేవి వెయ్యాలో చెప్పి, ఆదివారాలతో పాటు బుధవారాలు కూడా రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఇద్దరూ బయల్దేరేవారు. గట్ల వెంట వడ్లు ఎండబెట్టే గిడ్డంగి దాకా వెళ్లి, అటునుంచి రోడ్డెక్కి, అన్నం, పందిమాంసం పేగులో కూరి ఉడికించే బుడాన్ అమ్మే దుకాణం మీదుగా ఇంటికి. ఎండ ఎక్కువైతే టోపీలు పెట్టుకునేవారు, అంతే. దుకాణంవాళ్లు వేడి బుడాన్ కాగితంలో చుట్టి వాకిట్లోనే అందించేవారు, నడుస్తూ తినేవారు. అరుగు మీద కూర్చున్నవాళ్లు ఊరుకుంటారా?

"రోడెల్, ఇవాళ ఎన్ని గజాలయ్యా?"

"నువ్వు ఈ ఏడంతా నడిచినదానికంటే ఎక్కువే."

లాంజెల్ అప్పుడప్పుడు నవ్వేవాడు, ఎందుకో తెలియదు. ఒకరోజు మాత్రం గట్టు మీద ఠక్కున ఆగి, మావాడి మోకాలి వైపు చూసి, "చిన్నోడా, కుంటుతున్నావేంటి?" అన్నాడట. రోడెల్ ఆ మాట నాకు పదిసార్లు చెప్పాడు. చెప్పానన్న సంగతి మర్చిపోయి కాదు, చెప్పాలనిపించి.

రెండో ఏడు చలికాలం చివర్లో ఒక సంగతి జరిగింది. మధ్యాహ్నం రోడెల్ ఒక్కడే మా పెరట్లోకి వచ్చి గడ్డి కోసే యంత్రం బయటికి తీశాడు. లాంజెల్ ఏడిరా అని అడిగాను. వాడు నా మొహం కేసి చూశాడు. వాడి చేతిలో యంత్రం తాడు అలాగే ఉంది. పొద్దున ఇద్దరూ కలిసే ట్రక్కులో దుకాణానికి వెళ్లారు. ట్రక్కు ఇంటి ముందు ఉంది. లాంజెల్ లేడు.

నేను చేతికి ముందుగా అందిన బస్సు తాళాలు తీసుకుని, వాణ్ణీ ఎక్కించుకుని బయల్దేరాను. దుకాణం దగ్గర అతను కనబడలేదు. రోడ్డు వెంట పోతుంటే, క్రాఫిష్ మడిలోంచి మా పక్క రైతు చెయ్యూపాడు. లాంజెల్ మోకాలి లోతు నీళ్లలో బుట్టల వరసల మధ్య నడుస్తున్నాడు. ఎక్కడో పడి లేచినట్టున్నాడు, చొక్కా చంకల దాకా తడిసిపోయింది, పెదాలు వణుకుతున్నాయి. రైతు చిన్న పడవ మీద అతని వెనకే మెల్లగా వస్తున్నాడు. పిలిచినా వినట్లేదమ్మా, పట్టుకుంటే తోసేస్తున్నాడు అన్నాడు.

రోడెల్ బూట్లతోనే నీళ్లలోకి దిగాడు. అతన్ని ఆపలేదు. పక్కన చేరి, ఏదో మాట్లాడుతూ, కూడా నడిచాడు. వరస చివరిదాకా వెళ్లారు, తిరిగొచ్చారు, మళ్లీ వెళ్లారు. ఒకసారి తిరిగేటప్పుడు రోడెల్ అతని బెల్టు పట్టుకుని నెమ్మదిగా గట్టువైపు తిప్పాడు. లాంజెల్ తిరిగాడు. గట్టెక్కాక దుప్పటి కప్పి బస్సులో ఎక్కించాను.

రోడెల్ మాత్రం గట్టు మీద కూలబడ్డాడు. వాడు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది.

"అక్కా, నేను అతన్ని వదిలేసి రాలేదు," అన్నాడు. "అతను నాతో వచ్చాడన్న సంగతే నాకు గుర్తు లేదు. ఇంటికొచ్చి గడ్డి పెరిగిందే అనుకున్నా."

"దొరికాడు కదరా. లే."

"ఈసారి దొరికాడు."

ఆ వారంలోనే వాడు తనంతట తనే యోలాండ్‌కి ఫోన్ చేసి, హ్యూస్టన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. ఈసారి చివరిదాకా విన్నాడట, నిలబడే. నేను ఆ జూన్‌లో బస్సు పని మానేశాను. అప్పటినుంచి వాళ్ల వెనక నేనూ నడిచాను. నా బరువుకి, నా కీళ్లకి వాళ్ల వేగం అందేది కాదు. ముందు ఇద్దరూ, వెనక అరుస్తూ నేను, అరుగు మీదివాళ్లకి కొత్త వినోదం.

అక్టోబరులో లాంజెల్‌కి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రిలో అయిదు రోజులు ఉన్నాడు. లేచే శక్తి పోయాక కూడా దుప్పటి కింద పాదాలు కదిలేవి. రోడెల్ మంచం చుట్టూ తిరుగుతూ, అన్నా గిడ్డంగి దాకా వచ్చాం, అన్నా రోడ్డెక్కాం అని చెబుతుండేవాడు. డెనెట్రా తండ్రి చెయ్యి పట్టుకుని ఉండగా ఒక మధ్యాహ్నం పాదాలు ఆగిపోయాయి.

తండ్రి మెదడును పరీక్షించడానికి డెనెట్రా ఒప్పుకుంది. కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసింది. తల దెబ్బలవల్ల వచ్చే జబ్బు ఉంది, బాగా ముదిరిన జబ్బే ఉంది అని చెప్పారట. రోడెల్ ఫోన్ చెవిన పెట్టుకుని మా వరండా ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూ విన్నాడు. మంచి పని చేశావమ్మా, మీ నాన్న గట్టివాడు అన్నాడు. ఫోన్ నాకిచ్చి, నాకూ అలాగే చెయ్యండి, యోలాండ్‌కి చెప్పు, నేను మర్చిపోతాను అన్నాడు. అని గడ్డి కోయడానికి వెళ్లిపోయాడు. ఆ రోజు మా పెరడు, పక్కవాళ్ల పెరడు, ఎవరూ లేని పాత డాన్స్ హాలు ముందు స్థలం కూడా కోసేశాడు.

ఇప్పుడు వాడికి మాటలు ఇంకా తగ్గాయి. ట్రక్కు తాళాలు యోలాండ్ తీసేసుకుంది. దానికి నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. చొక్కాల లోపల నా ఫోన్ నంబరు కుడతానంటే, నేనేమన్నా తప్పిపోయే ఆవునా అని తిట్టాడు. తర్వాత తనే చొక్కాలన్నీ తెచ్చి నా ఒళ్లో పడేసి, కుట్టు అన్నాడు. ఉద్యోగంలోంచి దిగిపోయిన యోలాండ్ లఫాయెట్ ఇల్లు అమ్మేసి నా పక్క గదిలోకి వచ్చింది. ట్రెయిలర్‌లో ఇంజను అలాగే ఆడుతుంది, నాకు గోడ అడ్డం ఉంది చాలు వదినా అంటుంది.

పొద్దుట వాడితో నేను నడుస్తాను, సాయంత్రం ఆమె. మొన్న గట్టు మీద పోతుంటే ఆగకుండానే వెనక్కి తిరిగి అడిగాడు.

"అక్కా, ఎటు పోతున్నాం?"

"దుకాణానికి."

"తర్వాత?"

"ఇంటికి. యోలాండ్ బెండకాయ కూర వండుతోంది."



"అప్పుడే ఇంటికా?" అని, దుకాణం దారి వదిలేసి కొత్తగా నీళ్లు పెట్టిన మడి వైపు గట్టు దిగి నడక సాగించాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే దిగాను.